ఆఖరి గేటు తాళం

మా ఆయనకి తాళం వేస్తే చాలదు. వేసిన తాళాన్ని మూడుసార్లు గుంజి చూడాలి. ఇంటి తాళమైతే ఇన్నేళ్లూ భరించాను. పక్షుల దగ్గర కూడా అదే పనైతే ఒళ్లు మండదా?

ట్రుగనీనాలో మా ఇంటికి కాస్త దూరంలో మురుగునీరు శుద్ధిచేసే చెరువులున్నాయి. అనుమతి, తాళంచెవి తీసుకుంటే సొంత కారులోనే లోపలంతా తిరిగి పక్షుల్ని చూడొచ్చు. దారిపొడుగునా ఇనుప గేట్లే. దిగి తీయాలి, కారు దాటాక మళ్లీ వేయాలి. కారులో కదలకుండా కూర్చుంటే పక్షులు మనల్ని పట్టించుకోవు. చప్పుడైందా, లేచిపోతాయి.

మా అమ్మాయికి పన్నెండేళ్లు. బ్రోల్గాలనే నిలువెత్తు కొంగలు రెక్కలు విప్పి ఆడతాయని చదివి, అది చూడాలని రెండేళ్లుగా ఆశ పెట్టుకుంది. మంగళవారం మేం దేశానికి ఆ చివరనున్న పెర్త్‌కి మారిపోతున్నాం. ఆ పక్షి అక్కడ ఉండదట. అంటే ఈ శనివారమే ఆఖరు.

మొదటి గేటు దగ్గర ఆయన తాళం గుంజగానే బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. రెండో గేటు దగ్గరా అంతే.

“ఏవండీ, ఇక్కడ దొంగలొచ్చి ఏం పట్టుకుపోతారు, మురుగునీళ్లా?” అన్నాను.

“ఎందుకైనా మంచిదని,” అన్నారాయన.

“నాన్నా, ప్లీజ్! స్టాప్ డూయింగ్ దట్,” అని వెనకసీట్లోంచి పిల్ల మూలిగింది.

మధ్యాహ్నం దాకా తిరిగాం. ఒక్క బ్రోల్గా లేదు. మూత చప్పుడవుతుందని పులిహోర డబ్బా కూడా తెరవనివ్వలేదు నేను. ఆయన ముఖం మాడ్చుకున్నారు.

ఆఖరి గేటు దాటి కారు ఆపామో లేదో, పిల్ల నా భుజం పట్టేసుకుంది. “అమ్మా, లుక్!”

గడ్డిలో, అంత దగ్గర్లో, రెండు! ఒకటి మెల్లిగా రెక్కలు విప్పుతోంది. వెనక గేటేమో గాలికి ఊగుతోంది. కొట్టుకుందంటే అయిపోయినట్టే. ఆయన కారు తలుపు మీద చెయ్యి వేశారు.

“మీరు దిగితే ఊరుకోను. నేను వేస్తా,” అని గొంతు తగ్గించి చెప్పి దిగాను.

పిల్లిలా నడిచాను. గేటు మెల్లిగా దగ్గరికి లాగాను, గొలుసు చుట్టాను, తాళం నొక్కాను. చిన్న చప్పుడు కూడా కాలేదు. ఇలా చెయ్యాలి పనంటే, అనుకుంటూ రెండడుగులు వేశాను కూడా. మళ్లీ వెనక్కి వెళ్లి తాళం పట్టుకుని గుంజాను. ఒకటి, రెండు, మూడు. గేటంతా గణగణలాడింది.

తల తిప్పేసరికి రెండూ గాల్లో ఉన్నాయి.

కారెక్కాను. పిల్ల కళ్లనిండా నీళ్లు. “అమ్మా, వై?”

“ఎందుకైనా మంచిదని...” నా నోట్లోంచి అదే వచ్చింది.

పొద్దుట్నుంచీ నా చేత తిట్లు తిన్న మనిషి పులిహోర డబ్బా మూత తీసి పిల్ల చేతికిచ్చి కారు స్టార్ట్ చేశారు.