కుర్చీ అడగవోయి ఫోటోకెక్కిన

నిన్న మా కంపెనీ గోడ మీద నా ఫోటో పెట్టిన్రు! జెర ఆగుండ్రి, అప్పుడే చప్పట్లు కొట్టకుండ్రి. ముందుగాల మొత్తం ఇనుండ్రి.

పాశమైలారంల అట్టడబ్బాల కంపెనీల నాది దినమంత నిలబడి చేసే పని, తెల్సు కదా. వెన్నుపూస అరిగింది, ఆర్థరైటిస్ అన్నడు డాక్టరు. "గూని పెట్టుకొని ఉండకు. అట్లని మరీ బిర్రుగ కూడా ఉండకు. జెరసేపు నిలబడు, జెరసేపు కూసో, మార్చుకుంట ఉండు" అని చెప్పిండు. పక్కనే మా ఇంటామె ఉన్నది. మొదటి మాట ఒక్కటే ఆమె చెవిల వడ్డది. మిగతాదంత ఫ్యాను గాలికి పోయింది!

మా కాడ లేబుళ్లు చూసే టేబుల్ ముందల ఒక కుర్చీ ఖాళీ అయింది. ఆ పని దొరికితే నా నడుం బతుకుతది. నిన్న పొద్దుగాల మేనేజర్ సార్‌ను అడుగుదామని బయల్దేరిన.

"గట్ల వంగి పోతవా? డాక్టర్ సాబ్ ఏం చెప్పిండు? ఇటు తిరుగు!" అన్నది మా ఇంటామె.

తిరిగిన. నా నడుం బెల్టు లోపటికి వెనుక నుంచి చపాతీ కర్ర దోపింది! దాని కింద కొస ప్యాంటు సీటు దాకా దిగింది. పైనుంచి షర్ట్ కప్పి, "ఇగ సూడు, పోలీసాయన లెక్క ఉన్నవ్" అని మురిసింది. నొప్పి డబల్ అయింది. అయినా ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం నాకేడిది?

సార్ మంచోడు. పోంగనే "రావయ్యా, కూర్చో" అన్నడు.

ఎట్ల కూసుంట? కర్ర ఒంగదు కదా! "వద్దు సార్, నిలబడ్త."

"అరే, కూర్చోవయ్యా!"

"నిలబడితేనే మంచిగుంటది సార్!" నా నోట్ల మన్నువడ, ఎట్లొచ్చిందో ఆ మాట!

సార్ లేచి నా చుట్టూ ఒక రౌండు తిరిగిండు. "అందరూ వంగుకుంట వచ్చి కుర్చీ అడుగుతరు. ఈయన ఇస్తా అన్నా వద్దంటడు! శభాష్!" అని సేఫ్టీ ఆయనకు ఫోన్ కొట్టి ఫోటో తీయించిండు. నవ్వమన్నరు. నొప్పికి పళ్లు బిగవట్టిన. అదే నవ్వనుకున్నరు. నేనొచ్చిన పని అడగకుండనే బయటికొచ్చిన.

పొద్దుమీకే సరికి ఫోటో పెద్దగ చేసి అంటించిన్రు. కింద "నిలబడితే ఇలా నిలబడాలి" అని రాసిన్రు. ఏడ అంటించిన్రో తెల్సా? సరిగ్గా ఆ కుర్చీ ఎనుక గోడకే! కుర్చీ వేరేటోనికి ఇచ్చిన్రు. ఇయ్యాల జెర ట్రాలీ మీద వంగి నడుముకు సుఖమిద్దామంటే, పక్క లైన్ల బిహారాయన "చాచా, ఫోటో దేఖో!" అని ఒకటే నవ్వుడు.

ఏందీ, కూసో అంటున్రా? కూసుంట, కూసుంట! ఇయ్యాల కర్ర ఇంట్లనే పెట్టొచ్చిన.