ఎర్లిందా వేలిముద్ర

మా ఊళ్ళో పండ్లజున్ను అంటే ఎర్లిందా చేసిందే. పేరుకు జున్నే గానీ అందులో పాలచుక్క ఉండదు. ఊరందరికీ ఉమ్మడిదైన కొండమీద దానంతటదే పెరిగే నాగజెముడు పండ్ల రసాన్ని గంటల తరబడి కాచి, చిక్కబడ్డాక రాతిమీద మర్దించి అచ్చుల్లో పోస్తుంది. చక్కెర కలిపావా అని ఎవరైనా అడిగితే ఆమెకు ఒళ్ళు మండేది. "నీ నోట్లో వేస్తా చక్కెర" అనేది.

బావి తవ్వుతుండగా మట్టిపెళ్ళలు విరిగిపడి భర్త పోయేనాటికి కూతురు ఓతిలియా చంటిపిల్ల. ఆ బిడ్డ జ్ఞానస్నానానికి పక్కింటి సెనాయిదా జ్ఞానతల్లిగా నిలబడింది. మా సాన్ లూయిస్ వైపు ఆ బంధం తోడబుట్టిన బంధంతో సమానం. అప్పటినుంచి ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. ఆగస్టు వస్తే చాలు, మంచుకు ముళ్ళు మెత్తబడి ఉండగానే తెల్లవారుజామున కొండెక్కేవారు. కొన చీల్చిన పొడవాటి కర్రతో ఎర్లిందా పండు మెలితిప్పి తెంపేది. సెనాయిదా వాటిని గడ్డిమీద పోసి, కొమ్మల కట్టతో అటూ ఇటూ దొర్లించి నూగుముళ్ళు రాల్చేది. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి.

ఎర్లిందాకు చదువు రాదు. ఇంటికి ఏ కాగితం వచ్చినా సెనాయిదాయే చదివి చెప్పేది. కిందటేడు జూన్‌లో ఒకరోజు ఆమే ఒక కాగితం పట్టుకొచ్చింది.

"వదినా, సంతలో మనకి చోటిస్తారట. ఇక్కడో వేలిముద్ర వెయ్యి."

"ఏం రాశారేంటి అందులో?"

"ఏముంటుంది? నీ పేరు, నా పేరు. నీ అందం గురించైతే ఏం రాయలేదులే."

ఎర్లిందా నవ్వి, రొట్టెల పిండి అంటిన చెయ్యి తుడుచుకుని వేలు నొక్కింది.

ఆగస్టులో పండ్లు కోయడం మొదలుపెట్టిన రెండో రోజు, మోకాలు నొప్పిగా ఉందని సెనాయిదా కొండకు రాలేదు. మొదటిరోజు కొండ దిగువన కోసిన పండ్లు ఒలిచి, ఉడికించి, గింజలు పోయేలా గుడ్డలో వడగట్టిన రసం సిద్ధంగా ఉంది. దాన్ని తాను పొయ్యెక్కిస్తానంది. ఎర్లిందా ఒక్కతే బయల్దేరింది.

కొండకు తూర్పువైపు వాలు చేరేసరికి కొత్త ముళ్ళకంచె అడ్డం వచ్చింది. కంచెకు అవతల ఒక యంత్రం నాగజెముళ్ళను వేళ్ళతో సహా పెకలించి కుప్పలు పోస్తోంది. నలిగిన పండ్లతో నేలంతా ఎర్రబడి ఉంది. కాపలావాడు తాపీగా చెప్పాడు.

"టమాటా తోటలకి ఇచ్చేశారు కదమ్మా. ఊళ్ళో ప్రతి ఇల్లూ ఒప్పుకుంది."

"మా ఇల్లు ఒప్పుకోలేదు."

అతను గుడిసెలోంచి కాగితాల నకలు తెచ్చి తిప్పి చూశాడు. "ఎర్లిందా అంటే మీరేగా? చివరి ముద్ర మీదే. అదొక్కటి పడక మే నెలంతా పని ఆగిపోయింది. ఇదిగో, పక్కన సాక్షి సంతకం. సెనాయిదా."

ఎర్లిందా ఖాళీ బుట్టలతో దిగొచ్చింది.

పెరట్లో రాగి కళాయి కింద మంట బాగా అందుకుంది. సెనాయిదా తెడ్డుతో రసం తిప్పుతోంది.

"వచ్చావా వదినా? తెడ్డు అందుకో, నా చెయ్యి పడిపోతోంది."

ఎర్లిందా తెడ్డు అందుకుంది. "తూర్పువాలు చూసొచ్చా."

సెనాయిదా వంగి, సరిగ్గానే ఉన్న కట్టెల్ని మళ్ళీ సర్దింది.

"ఆ కాగితంలో ఏముందో ఇప్పుడు చదువు" అంది ఎర్లిందా.

"కాగితం ఇక్కడెక్కడుంది?"

"నీకు గుర్తుండే ఉంటుంది. చెప్పు."

సెనాయిదా కట్టెలు వదిలి లేచింది. "మా అల్లుడికి పనిస్తామన్నారు. వాడు పని వెతుక్కుంటూ సరిహద్దు దాటి వెళ్ళిపోతే నా కూతురి గతేంటి? నిన్నడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు. అందుకేగా అడగలేదు."

"ఇంకో కొండ ఉంది కదా వదినా!"

"ఉంది. ఇంకో వదిన ఎక్కడుంది నాకు?"

తిప్పడం ఆపితే రసం అడుగంటుతుంది. అందుకని అలిసినప్పుడల్లా తెడ్డు చేతులు మార్చుకుంటూ, మధ్యాహ్నందాకా ఇద్దరూ పొయ్యి దగ్గరే ఉన్నారు. చల్లనీళ్ళలో వేసిన చుక్క ఉండకట్టగానే దించారు. రాతిమీద పోసి చెరోపక్క మర్దించారు. అచ్చులు ఆరాక ఎర్లిందా సగం బిళ్ళలు గుడ్డలో మూటగట్టి ఆమె ముందు పెట్టింది.

"తీసుకెళ్ళండి సెనాయిదాగారూ. రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

సెనాయిదా బావురుమంది. "తిట్టు వదినా, కొట్టు. ఈ మర్యాద మాత్రం వద్దు." ఎర్లిందా అప్పటికే కళాయి తోముతోంది.

ఆ ఆదివారం ఊరి సభలో ఎర్లిందా లేచి, ఆ కాగితం చెల్లదంది. ఊరిపెద్ద అడిగాడు, "వేలు మీదేనా కాదా?"

"వేలు నాదే. కొండ ఇస్తానన్న మాట నాది కాదు."

అక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరికి టమాటా తోటల్లో పని దొరికింది. ఎవరూ ఆమె పక్కన లేవలేదు. అబద్ధమెందుకు, ఆ యంత్రం నడిపినవాడు మా అన్న. నేనూ తలొంచుకునే కూర్చున్నాను. ఆమె అందరినీ ఒకసారి చూసి, శాలువా సర్దుకుని వెళ్ళిపోయింది. కాగితం కాగితంలాగే చెల్లింది.

చదువుకోమని ఓతిలియా పలకా బలపం తెచ్చిపెట్టింది. "చదువొచ్చిన మనిషినే కదే నేను నమ్మింది" అని ఎర్లిందా వాటిని ముట్టుకోలేదు.

ఇప్పుడామె రెండు గంటలు నడిచి అవతలి కొండకు పోతుంది. అక్కడ చెట్లు తక్కువ, పండ్లు చిన్నవి. ఈమధ్య దారిలో ఎదురైతే, తోడొస్తానని అన్నాను. చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకుని తిప్పిన మనిషి.

"మీకెందుకండీ శ్రమ" అంది.

బుట్ట భుజం మార్చుకుని నడుచుకుంటూ పోయింది.