గారెలతో పోట్లాడిన మా మేనత్త

మా మేనత్త పోయిన కబురు పొద్దున్నే చల్లపల్లి నుంచి వాళ్ల పక్కింటావిడ ఫోన్‌లో చెప్పింది. నిద్రలోనే పోయారండీ, ఏ బాధా పడలేదు అంది. నేనింకా తేరుకోకముందే ఇంకో మాట కలిపింది. "మీరు బందరు నుంచి వచ్చేసరికి ఆలస్యమవుద్ది కదండీ. బొగ్గుకి నేను పెట్టేస్తాను. ఎంత పెట్టాలో నాకు తెలుసులెండి."

బొగ్గు అంటే అత్తయ్య కుక్క. ముక్కు నుంచి తోక దాకా నలుపే. చావు కబురులో కుక్క తిండి ఊసేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకైతే ఆ మాట విన్నాకే ఏడుపొచ్చింది. అత్తయ్య తన వీధికి ఏం నేర్పి వెళ్లిందో ఆ మాటలో ఉంది.

అత్తయ్య ఆడపిల్లల హాస్టళ్లలో వార్డెన్‌గా చేసి రిటైరైంది. సాంబారు పలచబడిన రోజున కాంట్రాక్టరును పిల్లల పంక్తిలో కూర్చోబెట్టి, అదే సాంబారు పోసి, తిని లేవమన్న మనిషి. పెళ్లి చేసుకోలేదు. పూజ మానలేదు. నేను దేవుళ్లను తిడుతూ పత్రికలకు రాసే వ్యాసాలను దీపం వెలిగించుకుని వచ్చి మరీ చదివేది. "కోపం బావుందిరా, రుజువు చాల్లేదు" అనేది.

బొగ్గును పిల్లగా ఉన్నప్పుడు కాలవ గట్టు మీద నుంచి తెచ్చుకుంది. ఎదిగాక వాడి రంగే వాడి ప్రాణం మీదికి తెచ్చింది. నల్ల కుక్క మెడలో గారెల దండ వేసి, ఆ గారెలు దానికే తినిపిస్తే శని వదులుతుందని ఎవరో జ్యోతిష్కుడు ఊళ్లో చెప్పాడు. ఇక శనివారం వస్తే గేటు ముందు వరస. గారెలు, నూనె కారే బెల్లపట్లు, నేతి మిఠాయిలు. మొదట్లో అత్తయ్య కూడా కాదనలేకపోయింది. పెట్టే చేతిని పట్టుకుని ఆపడం మన డెల్టాలో ఎవరికి చేతనవుతుంది? చాలు అన్నవాడి విస్తట్లో ఇంకో గరిటె వెయ్యకపోతే మర్యాద తక్కువైందని బాధపడే జాతి మనది.

బొగ్గు పీపాలా తయారయ్యాడు. వరండా మెట్లు ఎక్కలేక కిందే నిలబడి ఆవిడ వంక చూసేవాడు. పశువుల డాక్టరు పరీక్ష చేసి, కీళ్లూ గుండే ఈ బరువు మొయ్యలేవమ్మా, దించకపోతే కుక్క మీకు దక్కదు అన్నాడు.

సంగతి తెలిసి నేను వెళ్లాను. గేటు దగ్గర నిలబడి, శనిగ్రహం ఎంత దూరంలో ఉంది, దానికీ చల్లపల్లి కుక్కకీ సంబంధమేమిటి అని ఒక్కొక్కరినీ నిలదీశాను. జనం నన్ను చూసి జాలిపడ్డారు. గారెలు మాత్రం పెట్టే వెళ్లారు. అత్తయ్య నన్ను లోపలికి పిలిచింది. "నువ్వు గ్రహాలతో పోట్లాడుకోరా. నేను గారెలతో పోట్లాడతాను."

తర్వాతి శనివారం ఘంటసాల వైపు నుంచి ఒక రొయ్యల రైతు దండ పట్టుకుని వచ్చాడు. చెరువులో రొయ్య చచ్చి తేలుతోందనీ, ఈ ఒక్క దండా వెయ్యనివ్వమనీ బతిమాలాడు. ఆవిడ దండ వంక చూడలేదు. రొయ్యలకు మేత ఎంత వెయ్యాలో మీకెలా తెలుస్తుందండీ అని అడిగింది. చెక్ ట్రే అని ఒక పళ్లెంలో మేత పెట్టి నీళ్లలోకి దించుతామనీ, కాసేపాగి పైకి లాగి చూస్తామనీ, మేత మిగిలితే ఆ పూట తగ్గిస్తామనీ ఆయన చెప్పాడు.

"పోనీలే పాపమని ఇంకాస్త వేస్తే?"

"అడుగున కుళ్లి చెరువే పోద్దండీ."

"వీడికీ ఓ చెక్ ట్రే ఉందండీ. పక్కటెముకలు. చెయ్యి పెట్టి చూడండి. ఎముక తగిలితే మీ దండ నేనే వేస్తాను."

వరసలో జనం చూస్తుండగా ఆ పెద్దమనిషి గొంతుక్కూర్చుని బొగ్గు డొక్కలో వేళ్లు పెట్టాడు. ఇటు నొక్కాడు, అటు నొక్కాడు. వెనక నుంచి ఎవరో, "దూది పరుపండీ అది, ఎముకెక్కడ తగులుద్ది" అన్నారు. ఆయన నవ్వలేదు. ఎక్కువైన మేత ఏం చేస్తుందో ఆయనకు ఒకరు చెప్పాలా? దండ చేతికి చుట్టుకుని లేచాడు. "ఇయి నేనే తినేస్తానమ్మా" అన్నాడు.

ఆ రోజు నుంచి గేటు దగ్గర అదే చట్టం. ముందు ఎముక చూపించు, తర్వాత గారె పెట్టు. కొన్ని వారాలకు వరస కరిగిపోయింది. ఆయన చెరువు గట్టెక్కిందా అని అడుగుతారేమో. లేదు, ఆ పంట పోయింది. గారెలు పెట్టినా పోయేదే. కుక్క దక్కింది.

ఎలా దక్కింది? పస్తు పెట్టి కాదు. "మాడ్చడం వైద్యం కాదు, అది కోపం" అనేది ఆవిడ. డాక్టరును అడిగి తిండి మార్చింది. అన్నం పిడికెడుకు దిగింది. చర్మం తీసిన కోడిమాంసమో, ముల్లు ఏరిన చేపో ఉడకబెట్టి, గుమ్మడికాయ, బీన్స్ కలిపేది. ఉప్పు లేదు, నూనె లేదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషమని వాడి గిన్నె దరిదాపుల్లోకి రానిచ్చేది కాదు. డాక్టరు రాసిచ్చిన కాల్షియం పొడి చల్లేది. సాయంత్రం కాలవ గట్టున మొదట కరెంటు స్తంభం దాకా, తర్వాత లాకుల దాకా నడక. బరువు చూడ్డానికి బియ్యం కొట్లో కాటా ఎక్కించేది. స్వర్ణానా, సన్నాలా అమ్మా అని గుమాస్తా వెటకారం చేస్తే, నల్లబియ్యం రాసుకో అందట. ఎముక చేతికి తెలియాలి, కంటికి కనపడకూడదు, అదీ ఆవిడ లెక్క.

మనుషులకే తిండి లేకపోతే కుక్కకింత సేవా అని మా అభ్యుదయ మిత్రుడొకడు మూతి విరిచాడు. అయ్యా, ఆ మాట అనేవాళ్లలో మనుషులకు పెట్టినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. హాస్టల్ పిల్లల పళ్లెంలో గుడ్డు మాయమైతే నోరెత్తని పెద్దలే శనివారం శనివారం కుక్క ముందు గారెలు గుట్టపోశారు. పిల్లలకు కొలత తగ్గితే పోట్లాడిందీ, కుక్కకు కొలత మించితే పోట్లాడిందీ ఒక్క మనిషే. తినేవాడికి ఏం కావాలో చూడమంది ఆవిడ. పెట్టేవాడి పుణ్యాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నేను ఇన్నేళ్లు రాసిన వ్యాసాలు ఒక్క గారెనూ ఆపలేకపోయాయి. నా మేనత్త ఆపింది. ఇది చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు, గర్వంగా ఉంది.

ఆవిడ పాడె మోసినవాళ్లలో ఆ రొయ్యల రైతూ ఉన్నాడు.

బొగ్గు ఇప్పుడు బందరులో నా దగ్గరుంటున్నాడు. మొన్న ఆదివారం పొద్దున్నే సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి గొలుసు విప్పాను. కాసేపు గాలి వాసన చూశాడు. తర్వాత తడి ఇసుకలో పీతల వెంట పడ్డాడు. దారిలో ఒక పడవను గుంజకు కట్టిన మోకు నడుమెత్తున అడ్డంగా ఉంది. నేను కేకేసేలోపే వాడు ఎగిరి దాని మీదుగా దూకేశాడు. వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తి, "భలే కుక్కండీ, ఎవరిది?" అన్నాడు.

"మా మేనత్తదండీ" అన్నాను.

అప్పటికే వాడు చాలా దూరం వెళ్లిపోయాడు. తెల్లటి నురగ అంచున చిన్న నల్లచుక్క, ఇంకా పరిగెడుతూనే ఉంది.