స్లాట్ దొరకని నెలలు

మా ఇంటి ముందర మా తెల్ల వ్యాను కదలకుండా నిలబడిపోయి, దాని చక్రాల చుట్టూ గడ్డి మొలిచి, మా కోళ్లు దాని కిందనే గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన కాలం దగ్గర నా సాక్ష్యం మొదలుపెడతాను, సహోదరులారా! ప్రభువునందు మీ అందరికీ నా వందనాలు. నా పేరు సుగుణమ్మ. పుట్టినిల్లు పులివెందుల దగ్గర లింగాల, మెట్టినిల్లు జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే దారిలో ఒక చిన్న పల్లె. నేను నోరున్న మనిషినని మా సంఘంలో అందరికీ తెలుసు, దేవునితో కూడా నేను మెత్తగా మాట్లాడింది తక్కువ, కాబట్టి జరిగింది జరిగినట్టే చెబుతాను.

ఆ వ్యాను మా ఆయన ఏసురత్నానిది. పెళ్లయిన నాటి నుంచి ఆయన చేతిలో స్టీరింగు లేని రోజు నేను చూడలేదు. బడిపిల్లలను తీసుకెళ్లేవాడు, నొప్పులొచ్చిన ఆడబిడ్డలను జమ్మలమడుగు ఆసుపత్రికి చేర్చేవాడు, పెళ్లి బృందాలను దింపేవాడు, వేసవి కూటాలకు సంఘాన్నంతా కుక్కికుక్కి ఎక్కించుకుని పోయేవాడు! బండి కదిలే ముందు అందరినీ తలలు వంచి కళ్లు మూసుకోమని, చిన్న ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాకే గేరు వేసేవాడు. మా పక్క విశ్వాసుల బళ్లన్నిటిలో అదే అలవాటు. విశ్వాసులు కాని మా ఊరి రెడ్డిగారి ఇంటివాళ్లు ఎక్కినా వాళ్లూ తలలు వంచేవాళ్లు, ఏసురత్నం ప్రార్థన కాకుంటే బండి కదలదని వాళ్లకూ తెలుసు.

అలాంటి మనిషికి చక్కెర జబ్బు వచ్చి కళ్ల మీద పడింది. ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కన్ను మసకబారింది, లైసెన్స్ మళ్లీ రాసివ్వడం కుదరదన్నారు. అంతే! ఆ రోజు నుంచి ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రమైతే సీసా పట్టాడు. ఎందరో తాగుబోతులను వ్యానులో వేసుకుని వాళ్ల ఇళ్లకు చేర్చిన మనిషిని ఇప్పుడు ఊళ్లోవాళ్లు రెక్కలు పట్టుకుని మా ఇంటికి చేరుస్తుంటే నేను సిగ్గుతో చచ్చిపోయాను, సహోదరీలారా! మా ప్రార్థన గుడికి రావడం మానేశాడు. ప్రొద్దుటూరులో కంటి డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. “ఇంగ తాగితే ఉండే కన్ను గూడా దక్కదు, కన్నే కాదు, మనిషే దక్కడు” అన్నాడు. నేను ఏడ్చాను, తిట్టాను, ఉపవాసముండి ప్రార్థన చేశాను. ఆయన మాత్రం ఒకటే మాట అనేవాడు. “బండి తోలని డ్రైవరు బతికి ఏం లాభం మే?”

మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, మా బావగారు వ్యానును కొనేవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన మంచికే చేశాడు, నేను కాదనను. వాళ్లు బానెట్ ఎత్తి చూస్తుంటే మా ఆయన మంచం దిగి వచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఎంత బతిమాలినా దిగలేదు. అప్పుడు నా నోటి నుంచి మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. “బండి అమ్మేది లేదు, నేను నేర్చుకుని తోలతా!” అన్నాను. బావగారు నవ్వాడు, వచ్చినవాళ్లు నవ్వారు, మా కోళ్లు తప్ప అందరూ నవ్వారు. సైకిలు కూడా తొక్కని మనిషిని, యాభైకి దగ్గర పడ్డదాన్ని, నవ్వరా మరి! మా ఆయన నవ్వలేదు. అద్దంలో నుంచి నా వైపు చూశాడు.

ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్, తొందరగానే వచ్చింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. డ్రైవింగ్ పరీక్షకు తేదీ కావాలంటే స్లాట్ తీసుకోవాలి, ఆ స్లాట్ దొరికితే ఒట్టు! జమ్మలమడుగులో ఇంటర్నెట్ సెంటరు నడిపే మస్తాన్ అనే అబ్బాయి దగ్గరికి బస్సెక్కి పోయేదాన్ని. అతను కంప్యూటరులో వెతికి వెతికి, “లేదక్కా, అన్నీ నిండిపోయినాయి, మళ్లా వారం రా” అనేవాడు. మళ్లా వారం పోతే మళ్లా అదే మాట. ఎన్నిసార్లు పోయానో లెక్క పెట్టలేదు, బస్సు కండక్టరే నన్ను చూసి, “దొరికిందామ్మా?” అని అడిగేవాడు. స్త్రీల సమాజంలో ప్రార్థన మనవులు చెప్పమంటే ఒకరు జ్వరమని, ఒకరు కూతురి కాన్పు అని చెప్పేవాళ్లు, నేను లేచి “నాకు స్లాట్ దొరకాలని” అనేదాన్ని. వెనక వరుసలో కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. నేను మాత్రం మోకాళ్ల మీద పడి, “ప్రభువా, సముద్రాన్నే పాయలు చేసినోనివి, నాకు ఒక్క స్లాట్ ఇప్పియ్యలేవా? నా మొగుడు రోజురోజుకీ నా కండ్ల ముందరే అయిపోతాండాడు, నువ్వు ఏం చేస్తాండావు పైన?” అని గట్టిగానే అడిగేదాన్ని.

స్లాట్ రాకపోయినా నేర్చుకోవడం ఆపలేదు. మా ఊరి పక్కన ఒక పాత కళ్లముంది. కోత మిషన్లు వచ్చాక అక్కడ ఎవరూ నూర్పిడి చేయడం లేదు, నేల మాత్రం బండలాగా గట్టిగా ఉంటుంది. తెల్లవారుజామున వ్యానును మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అక్కడికి తెచ్చి పెట్టేవారు, ఆయనకు లైసెన్స్ ఉంది. మా ఆయన సున్నంతో నేల మీద, పరీక్షలో తిప్పమనే ఎనిమిది అంకెను పెద్దగా గీశాడు. నేను మొదటిరోజే ఒక షరతు పెట్టాను. “రాత్రి తాగిన మనిషి పొద్దున్నే వ్యానెక్కితే నేను స్టీరింగు ముట్టను.” ఆయన విసుక్కున్నాడు, కేకలేశాడు, ఒకరోజు వాసనతోనే వచ్చాడు. నేను తాళంచెవి కొంగున కట్టుకుని ఇంటికొచ్చేశాను. మరుసటిరోజు వాసన లేదు.

అబ్బా, ఆ ఉదయాలు! తలచుకుంటే ఇప్పటికీ నా ప్రాణం లేచొస్తుంది. పెన్న మీద నుంచి చల్లగాలి వచ్చేది, శనగచేలలో మంచు ఇంకా ఆరేది కాదు, నేను క్లచ్ వదిలితే వ్యాను ఎగిరిపడి ఆగిపోయేది, మా ఆయన తల కొట్టుకునేవాడు. “మ్యా సుగుణా, అది క్లచ్చి, రోకలి గాదు, నిదానంగా ఇడువు!” అని ఆయన, “అయితే నువ్వు కిందికి దిగి తొక్కి సూపీ!” అని నేను. ముందు సీట్లో అయ్యగారు పాపం చేతులు కట్టుకుని కూర్చునేవారు, రోడ్డెక్కిన రోజైతే ఆయన పెదవులు కదులుతూనే ఉండేవి. వెనక సీట్లో నుంచి మా ఆయన, “బ్రేకు! బ్రేకు!” అని అరిచేవాడు. మసక కంటికి ఏం కనపడేదో గానీ, ఇంజను చప్పుడు విని నేను ఏ గేరులో ఉన్నానో చెప్పేసేవాడు. ఇంటికొచ్చాక ఇద్దరం ఉడుకుడుకు ఉగ్గాణి తింటూ మళ్లా క్లచ్ గురించే పోట్లాడుకునేవాళ్లం. గోడ వైపు తిరిగి పడుకునే తీరిక ఆయనకు దొరకలేదు.

చివరికి ఒకనాడు మస్తాన్ ఫోను చేసి స్లాట్ దొరికిందన్నాడు. నేను దేవునికి స్తోత్రం చెప్పి, నీలం చీర కట్టుకుని, అయ్యగారు, మా ఆయన తోడు రాగా వ్యానులో పరీక్ష మైదానానికి పోయాను. చుట్టూ కాలేజీ కుర్రాళ్లు, అందరిలోకీ పెద్దదాన్ని నేనే. నా వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు పక్కన కూర్చుని, “స్టార్ట్ చేయండమ్మా” అన్నారు. నేను స్టార్ట్ చేసి, హ్యాండ్ బ్రేకు దించి, మా బళ్లలో అలవాటు ప్రకారం తల వంచి కళ్లు మూసుకున్నాను! “ప్రభువా, ఈ బండిని, ఈ సారును నీ చేతుల్లో పెడతాండా…” అని నేను మొదలుపెట్టాను, అక్కడ నేల కొంచెం వాలుగా ఉన్న సంగతి నేను చూసుకోలేదు. నేను ఆమెన్ అనేలోపు వ్యాను దానంతట అదే పోయి అడ్డంగా పెట్టిన డ్రమ్మును గుద్దింది.

ఇన్‌స్పెక్టరుగారు కోపగించుకోలేదు, అది ఇంకా సిగ్గు. “అమ్మా, మొక్కుకునేది ఇంటికాడనే మొక్కుకోని రావల్ల. కండ్లు మూసుకుంటే నేనెట్ల పాస్ చేసేది?” అని దిగిపోయారు. నేను గేటు బయటికొచ్చి బోరుమని ఏడ్చాను. దేవుణ్ణి నమ్ముకుని కళ్లు మూసుకుంటే ఆయన నన్ను డ్రమ్ముకు గుద్దించాడు గదా అని! గేటు దగ్గర నిలబడి ఉన్న మా ఆయనకు జరిగింది చెప్పాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కడుపు పట్టుకుని, వ్యాను మీద చెయ్యి ఆనించి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. “ఆమెన్ అన్నాక గదా మే హ్యాండ్ బ్రేకు దించేది!” అన్నాడు. కన్ను పోయిన నాటి నుంచి ఆయన నవ్వు నేను వినలేదు, సహోదరులారా. నా ఏడుపు ఎక్కడికి పోయిందో, నేను కూడా నవ్వేశాను, అయ్యగారు కూడా నవ్వేశారు.

మళ్లా స్లాట్ కోసం ఎదురుచూపు. ఈలోపు ఎల్ఎల్ఆర్ గడువు అయిపోయింది, మళ్లా తీసుకున్నాను. వానలు పడ్డాయి, కళ్లం బురదైంది, సున్నం గీతలు కొట్టుకుపోతే మా ఆయన మళ్లా గీశాడు. నాకు ఓర్పు చచ్చిపోయింది. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు, నా దేవునికి ఆ సామెత తెలియదా అని అయ్యగారమ్మ, అంటే అయ్యగారి భార్య, దగ్గర గొణిగాను. ఆమె, “ఏసురత్నన్న ఈ మధ్య తాగుతాండాడా సుగుణమ్మా?” అని మాత్రం అడిగింది. నేను ఆలోచించి చూసుకున్నాను. ఆఖరుసారి ఎప్పుడు తాగాడో నాకు గుర్తుకు రాలేదు! పొద్దున్నే పాఠముందని రాత్రి మానేసిన మనిషి, మానేసిన సంగతి ఆయనకూ తెలియలేదు, స్లాట్ గోలలో పడి నాకూ తెలియలేదు. ఆ ఆదివారం ఆయన గుడికి వచ్చి ఆఖరి చాప మీద కూర్చున్నాడు. కంటి డాక్టరు కూడా ఉన్న చూపు నిలిచిందన్నాడు.

రెండోసారి పరీక్షలో నేను ప్రార్థన చేశాను, కళ్లు తెరుచుకునే చేశాను. ఎనిమిది తిప్పాను, రివర్సు తెచ్చాను, పాసయ్యాను! పరుగున వచ్చి గేటు దగ్గర మా ఆయనకు చెబితే సంతోషపడ్డాడు, నా తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత ఆయన మొహం మెల్లగా వాడిపోయింది. నేల చూస్తూ, “ఇంగ రేపట్నుంచి నాకేం పని మే?” అని అడిగాడు.

అప్పుడు అర్థమైంది నాకు! ఇన్ని నెలలు నేను దేవుణ్ణి లైసెన్స్ అడుగుతున్నాను, దేవుడేమో ఒక మనిషిని మంచం మీద నుంచి లేపుతున్నాడు. స్లాట్ ఆలస్యమైన ప్రతి ఉదయం ఆయనకు ఒక పని దొరికింది, ఒక కేక వేసే కారణం దొరికింది, తాగకుండా పడుకునే రాత్రి దొరికింది. నేను అక్కడే మైదానం పక్కన ఎండలో నిలబడి, “ప్రభువా, నువ్వు ఆలస్యం చేసినందుకు స్తోత్రం, నేను నిన్ను తిట్టిన తిట్లన్నీ మన్నించు తండ్రీ” అన్నాను. మా ఆయనతో మాత్రం, “అయ్యగారమ్మ కూడా నేర్చుకుంటుందంట, పోయి ఎనిమిది మళ్లా గీయి” అన్నాను. అయ్యగారమ్మ ఆ మాట ఎన్నడూ అనలేదు. అయినా నేర్చుకుంది! ఆమె వెనకాల రెడ్డిగారి కోడలు, ఆమె వెనకాల అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చారు. అయ్యగారి పక్కన వాళ్లు, వెనక సీట్లో ఆయన. వాళ్లకూ స్లాట్లు తొందరగా దొరకలేదు, మా ఆయనకు అదే ఆనందం!

నిరుటి చలికాలంలో మా ఆయన ప్రభువు దగ్గరికి పోయాడు. తాగుబోతుగా పోలేదు, గోడ వైపు తిరిగి పోలేదు. ఆసుపత్రికి నేనే వ్యానులో తీసుకుపోతుంటే పక్క సీట్లో ఆనుకుని కూర్చుని, నేను గేరు మార్చినప్పుడల్లా తల ఊపుతూ పోయాడు. ఇప్పుడు నేను బడిపిల్లలను ఎక్కించుకుని పోతుంటే కళ్లం దగ్గర నా కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతుంది. ఏడుపొస్తుంది, అబద్ధం చెప్పను. అయినా ఆ నెలలు తలచుకుని దేవుణ్ణి స్తుతిస్తాను.

ఇది చదివే సహోదరీ, సహోదరుడా, నువ్వు కూడా ఏదో ఒకదాని కోసం ఎదురుచూస్తుండవచ్చు. ఉద్యోగమో, సంబంధమో, బిడ్డో, నాలాగా ఒక స్లాటో! దేవుడు వినలేదని మనసు విరుచుకోవద్దు. ఆయనను నమ్ము, నీకు కోపమొస్తే ఆ కోపంతోనే ఆయన దగ్గరికి పో, ఆయన ఏమీ అనుకోడు. నేను అడిగింది అడిగిన వారమే ఇచ్చి ఉంటే నా చేతిలో లైసెన్స్ ఉండేది, నా మనిషి ఆ మంచం మీద నుంచి లేచేవాడు కాదు. ఆలస్యం చేసి అన్ని ఉదయాలు ఇచ్చిన దేవునికే మహిమ కలుగును గాక!