సిరా పెట్టిన వేలు

గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సులో పేపరు చదువుతున్నాను. దక్షిణ అమెరికాలో ఎనభై దాటిన ఒక నాయకుడు నాలుగోసారి పార్టీ మారి మళ్లీ మంత్రి అయ్యాడట. పక్క సీట్లో ఉన్న దివిసీమ జాలరి ఒకాయన ఫొటో చూసి, ఎవరని అడిగితే చెప్పాను.

"మా ఎమ్మెల్యే ఒక్కసారే మారాడండీ," అన్నాడాయన. "మా ఊళ్లో పెద్దలు ఎవరికి ఓటెయ్యమంటే అందరూ వాళ్లకే వెయ్యాలి. మా తమ్ముడు అవతలి పార్టీకి వేశానని మొహమ్మీదే చెప్పాడు. చేపల కత్తితో, సిరా పెట్టిన వేలు నరికేశాను. ఆర్నెల్లు తిరక్కుండానే, మేం గెలిపించిన ఎమ్మెల్యే ఆ పార్టీలోనే చేరాడు."

"మరి తమ్ముడు?"

"నాతోనే వేటకొస్తాడండీ. నాలుగు వేళ్లతో వల లాగుతుంటే అటు చూడను."

ఆ తర్వాత, మొన్నటి ఎన్నికల్లో ఓటేసి బయటికొస్తూ, సిరా గుర్తున్న వేలిని గుప్పిట్లో దాచుకున్నాను.