బతికినోడి మాట

సూర్యాపేట నుంచి కోదాడ దాకా గొర్రెల కాపరుల్లో ఎవరికి కడుపులో గడ్డ అని తేలినా ముందు కబురు పోయేది చివ్వెంల ఐలన్నకే. ఆరేళ్ల కింద ఆయనకు పెద్దపేగు క్యాన్సర్ వస్తే హైదరాబాద్‌లో జానెడు పేగు కోసేశారు. ఊళ్లో సగం మంది ఆయన పని అయిపోయిందనే అనుకున్నారు. ఏడాది తిరక్కుండానే మనిషి మళ్లీ గొర్రెల వెంట నడిచాడు. ఇక చూడండి, ఆయనకు పట్టపగ్గాల్లేవు. మిర్యాలగూడలో ఎవరో మంచం పట్టారంటే బైకెక్కి పోయి, చొక్కా ఎత్తి, బొడ్డు కిందిదాకా ఉన్న కుట్ల మచ్చ చూపించి, నాకేమైంది, నీకేమైతది అని దబాయించి వచ్చేవాడు. ఆ దబాయింపుకే లేచి కూర్చుని గంజి తాగినవాళ్లున్నారు. అబద్ధమెందుకు, చాలామందికి మేలే జరిగింది.

చేటు జరిగింది ఒక్కచోట. సొంత బామ్మర్ది లక్ష్మీనర్సయ్య దగ్గర.

బావా బామ్మర్దులు ఇరవై ఏళ్లుగా మందలు కలిపి మేపుతున్నారు. యాసంగి కోతలు కాగానే నిడమనూరు వైపు తోలుకుపోవడం, ఎరువు కోసం రైతుల పొలాల్లో మందను పడుకోబెట్టడం, వానలకు తిరిగి రావడం. నిరుడు లక్ష్మీనర్సయ్యకు జీర్ణాశయంలో గడ్డ తేలింది. ఆపరేషన్ అయింది గానీ ఆర్నెల్లకే జబ్బు కాలేయానికి పాకింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. ఆ మాట లక్ష్మీనర్సయ్య చెవులారా విన్నాడు. ఏడవలేదు. నిడమనూరులో ఉన్న మందను ఒక్కసారి చూసి రావాలని మాత్రం కోరాడు.

ఐలన్న ఒప్పుకుంటేనా! మంద దగ్గర తన కొడుకు సంతోష్‌ను ఉంచి నాలుగు రోజులకోసారి బామ్మర్దిని చూడవచ్చేవాడు. వచ్చినప్పుడల్లా అతను అదే అడగడం, ఈయన దుమ్ము పడదని, ముందు రెండు కిలోలు పెరగమని వాయిదా వెయ్యడం. పథ్యం తప్పలేదు కాబట్టే తాను బతికానని ఐలన్న నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మే నెలలో ఒక పొద్దున ఐలన్న వచ్చేసరికి వాకిట్లో కిరాయి ఆటో ఆగి ఉంది. లక్ష్మీనర్సయ్య తలకు రుమాలు చుట్టి, భుజాన గొంగడి వేసుకుని, భార్య మైసమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కబోతున్నాడు. ఎన్నాళ్లకో ఆ ముఖంలో కళ వచ్చింది.

"ఒక్క పూట బావా. మంద వాసన పీల్చుకొని వస్త," అన్నాడు.

"పిచ్చా నీకు? గీ ఎండల పోతే ఉన్న పానం పోతది. వానలు పడంగనే మందే ఇంటికొస్తది, నువ్వే ఎదురుపోదువు. నన్ను సూడు, నేను బతకలే?"

లక్ష్మీనర్సయ్య బావ వంక చూశాడు. తర్వాత గొంగడి తీసి భార్యకిచ్చి లోపలికి నడిచాడు. ఐలన్న ఆటోను పంపించేశాడు. ఒక ప్రాణం నిలబెట్టానన్న సంబరంలో బామ్మర్దికి ఇంత జావ తాగించి మరీ వెళ్లాడు. వెర్రి మనిషి!

పదకొండో రోజున లక్ష్మీనర్సయ్య పోయాడు. మంద ఇంకా నిడమనూరులోనే ఉంది.

దినాల నాడు ఆయన మైసమ్మ ఎదుట కూలబడి ఏడ్చాడు. పోనియ్యనిది తానేనని, తనను నోరారా తిట్టమని బతిమాలాడు. ఆమె తిట్టలేదు.

"నీ మీద కోపం లేదన్నా. ఇగ ఎక్కువ దినాలు లేవని డాక్టర్ చెప్తే ఆయన నమ్మిండు, నేను గూడ నమ్మిన. అందుకే ఆటో పిలిపించిన. కానీ నువ్వు బతికినోడివి గదా, డాక్టర్ మాట కంటె నీ మాట ఎక్కువైంది. ఆఖరి పొద్దు గూడ మొగులు పట్టిందా, వాన పడి మందొస్తదా అని అడిగిండు."