మామ విన్న రేసు

మా మామకు కార్ల రేసంటే పిచ్చి. చూపు పోయాక ఆ పిచ్చి ఇంకా ముదిరింది. ఆయన మా అమ్మకు తమ్ముడు, కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు, ఉప్పుగూడలో మా ఇంటి పై వాటాలో ఉంటాడు. షుగరు ఆయన కళ్లను కొద్దికొద్దిగా తినేసింది. ఇక చేసేదేం లేదని డాక్టరు చెప్పిన వారం కూడా, రేసు వేళకు టీవీ ముందుకు కుర్చీ జరుపుకుని కూర్చుని, "జర సౌండ్ పెంచు" అన్నాడు. ఆ సంగతి మీద మా ఇంట్లో జరిగిన చర్చ మొత్తం అంతే.

అప్పటినుంచి మామ రేసు వింటున్నాడు. డ్రైవరు తల దగ్గర కెమెరా పెట్టి ఉత్త ఇంజను మోత మాత్రమే వినిపించే ప్రసారం ఒకటుంది. అది పెడితే తల కాస్త పక్కకు వంచి, కళ్లు మూసుకుని, "వీడు మలుపు రాకముందే యాక్సిలేటర్ వదుల్తున్నడు. టైర్లు అయిపోయినయ్" అంటాడు. కాసేపటికి ఆ కారు టైర్లు మార్చుకోవడానికి లోపలికొస్తుంది. అన్నిసార్లూ రాదనుకోండి. రాని రోజున, "నేను చెప్పింది రైటే, వానికే తెలివి లేదు" అని తప్పు డ్రైవరు మీదికి తోసేస్తాడు. మాలో ఎవరమూ ఆయనకు తెర మీది బొమ్మ వర్ణించి చెప్పేవాళ్లం కాదు. ఆయన చెప్తుంటే మేమే వినేవాళ్లం.

మేమంటే నేను, ఇంకో ఇద్దరు. ఒకడు నా చిన్ననాటి దోస్తు. లాడ్ బజార్‌లో వాళ్లది తాతలనాటి లక్కగాజుల దుకాణం. ఆదివారం సాయంత్రం, సరిగ్గా గిరాకీ ఊపందుకునే వేళ, గల్లా తమ్ముడికి అప్పగించి మా ఇంటికి పారిపోయి వస్తాడు. రెండోవాడు కార్వాన్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. మాకంటే కొంచెం పెద్దవాడు, అందుకని అన్నా అంటాం. ఈయన రేసు చూడడానికి వస్తాడో, రేసును తిట్టడానికి వస్తాడో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

తిట్టడానికి కారణాలకేం కొదవ లేదు. మొదట కేబుల్లో వచ్చేది, తర్వాత యాప్‌లోకి పోయింది. ఆ యాప్ నుంచి ఇంకో యాప్‌కు మారింది. ఇంజను మోత ప్రసారానికి విడిగా చందా కట్టమన్నారు. శుక్ర, శనివారాల్లో కార్లు ప్రాక్టీసు చేసుకునేవి కాస్తా, శనివారం కూడా ఒక పొట్టి రేసు పెట్టారు. ఆ రోజుకూ టికెట్లు అమ్మాలి కదా.

"రేసు గాదిది, జాతర" అన్నాడు కార్వాన్ అన్న ఒకసారి. "జాతర్లనన్న నడిమిట్ల దేవుడుంటడు. దీంట్ల మొత్తం దుకాణాలే."

"దుకాణాలు లేకుంటే జాతరకు ఎవలొస్తరన్నా?" అన్నాడు గాజుల దోస్తు. "నా దుకాణం బోర్డు జూడు. నా పేరు గింతంత, కూల్‌డ్రింక్ పేరు గంత. బోర్డు వాళ్లు రాయించిన్రు, నాకు పెయింట్ ఖర్చు తప్పింది. నా గాజులేమన్న కరాబైనయా?"

"గాజులు కాలే. నువ్వే అయినవ్."

"లొల్లి బంద్ చెయ్యుండ్రి. స్టార్ట్ అయితున్నది" అనేవాడు మామ. మేం నోరు మూసుకునేవాళ్లం. ఆ ఇంట్లో ఆదివారం సాయంత్రం ఆయన మాటకు తిరుగులేదు.

అలాంటి రోజుల్లో మన ఊళ్లోనే, మూసీకి అవతల, రోడ్లు మూసి కార్ల రేసు పెడుతున్నారని తెలిసింది. పెద్ద విదేశీ రేసు కాదు, చిన్నదే. కానీ నిజం కార్లు, నిజం ఇంజన్లు. మామ జన్మలో ఒక్క రేసు కారు శబ్దం కూడా నేరుగా వినలేదు. ఆ వార్త విన్నప్పటినుంచి ఆయన నేల మీద నిలవలేదు. పూజ చేసుకుంటూ మధ్యలో నన్ను పిలిచి రోడ్లు ఎక్కడెక్కడ మూస్తారని అడిగేవాడు. "టీవీల వినేది ఫోటో అసొంటిది రా. అసలుది చెవులకంటే ముందు ఛాతిల తాకుతదట. ఒక్కపారి తాకితే చాలు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో పెళ్లికొడుకు సిగ్గు లాంటిది వినబడి నాకు నవ్వొచ్చింది.

గాజుల దోస్తు గొప్ప వార్త మోసుకొచ్చాడు. రేసుకు డబ్బు పెడుతున్న ఒక కంపెనీ తన అతిథులకు కానుకగా లక్కగాజులు ఆర్డరిచ్చింది, వాటితో పాటు వాడికి పాసులూ ఇచ్చింది. మామూలు పాసులు కావు. మేడ మీద, ఏసీలో, సోఫాల్లో కూర్చునేవి. కార్వాన్ అన్న మాత్రం, "స్టాండుల కూసుందాం మామా, ఎండ కొడితే కొట్టనియ్యి" అన్నాడు. నేనే ఒప్పుకోలేదు. షుగరు మనిషి, మార్చి ఎండ, రేకుల మెట్లు, తోపులాట, మాటిమాటికి బాత్రూంకి తీసుకుపోవాలి. దోస్తూ నేనూ కూడబలుక్కుని మామను మేడ మీదికి తీసుకుపోవాలని తేల్చాం. అన్న మా మీద అలిగి తనకొక్కడికే స్టాండు టికెట్ కొనుక్కున్నాడు. మేమేదో మామకు స్వర్గం చూపిస్తున్నట్టు మురిసిపోయాం.

ఆ మేడ గదికి రోడ్డు వైపు నేల నుంచి కప్పు దాకా అద్దం. మందపాటి అద్దం. లోపల చలి, కబాబుల వాసన, ఒక మూల పాటలు పెట్టేవాడు, ఇంకో మూల మైకు పట్టుకుని అందరినీ చప్పట్లు కొట్టమనే అమ్మాయి. మామ ఇస్త్రీ చొక్కాలో, చేతికి కంపెనీ రంగు పట్టీతో, అద్దం ముందు సోఫాలో నిటారుగా కూర్చున్నాడు. తల పక్కకు వంచాడు. కింద కార్లు బారులు తీరాయి, ఇక కదలండని గుర్తుగా ఎర్ర దీపాలు ఆరాయి, రేసు మొదలైంది. నాకు కళ్లున్నాయి కాబట్టి నేను కాసేపు ఒళ్లు మరిచి చూశాను.

"ఎప్పుడు మొదలైతది రా?" అన్నాడు మామ.

"మొదలైంది మామా. షానా సేపైంది."

ఆయన లేచి చేతులు చాచి అద్దాన్ని వెతుక్కుని, అరచేయి దానికి ఆనించాడు. కార్లు పోతున్నప్పుడు అద్దం సన్నగా వణికేది. ఆయన ఆ వణుకును వింటున్నాడు. ఇన్నేళ్లు ఆయన పక్కన కూర్చుని రేసు విన్న మనుషులం, ఎండ గురించి ఆలోచించాం, మెట్ల గురించి ఆలోచించాం, అద్దం గురించి ఆలోచించలేదు. నా మీద నాకు ఒళ్లు మండిపోయింది.

తలుపు దగ్గర సెక్యూరిటీ అతన్ని బతిమాలాను. కింద కంచె దగ్గర ఓ మూల నిలబడతాం అన్నాను. "యే బ్యాండ్ వాలే ఉధర్ నై జా సక్తే సాబ్" అన్నాడు. ఈ రంగు పట్టీ ఉన్నవాళ్లు అటు పోకూడదట. బాల్కనీ అన్నాను, దానికి వేరే రంగు పట్టీ కావాలన్నాడు. అతనితో ఉర్దూలో గొడవపడ్డాను, వాళ్ల మేనేజరుతో ఇంగ్లీషులో గొడవపడ్డాను. ఇంత ఖరీదైన చోటు వదిలి ఎవరైనా ఎండలోకి ఎందుకు పోతామంటారో మేనేజరుకు అర్థం కాలేదు.

నేను వెనక్కి వచ్చేసరికి కంపెనీ తాలూకు అమ్మాయి ఒకామె మామ పక్కన నిలబడి ఉంది. వెనక కెమెరా. అద్దం మీది చేతిని వీడియో తీస్తున్నారు.

"అంకుల్, ఎలా అనిపిస్తోంది?" అంది ఆ అమ్మాయి మెత్తగా.

"మంచిగున్నది బిడ్డా" అన్నాడు మామ. నా దోస్తు పరువు పోకూడదని అలా అన్నాడు. వాడి ఆర్డరు, వాడి పాసులు.

"ఇంకొంచెం సంతోషంగా చెప్పండి అంకుల్. మా కంపెనీ పేరు కూడా కలిపి."

మామ కలిపి చెప్పాడు. నవ్వమంటే నవ్వాడు. ఇంకోసారి అంటే ఇంకోసారి చెప్పాడు. ఆ అమ్మాయి దోస్తును పక్కకు పిలిచి ఏదో అడిగింది, వాడు తలూపాడు. "పోనీ తియ్యి, ఒక్క నిమిషం పనే గద" అన్నాడు నా మొహం చూసి. వాళ్ల ఆఫీసులో చూపించుకుంటారేమోలే అని నేనూ ఊరుకున్నాను.

తిరుగుదారిలో కార్వాన్ అన్న మా కారెక్కాడు. ఎండకు మొహం కందిపోయి ఉంది, చెవులు దిమ్మెక్కి గట్టిగా మాట్లాడుతున్నాడు. "అరె ఏం మోత భాయ్" అని మొదలుపెట్టి, మామ మొహం చూసి ఆగిపోయాడు.

"చెప్పు తమ్మీ, ఛాతిల తాకిందా?" అన్నాడు మామ.

అన్న కిటికీ బయటికి చూశాడు. "ఏం లేదు మామా. మైకుల లొల్లి తప్పిస్తే ఏం వినరాలే. పైసలు దండుగ."

ఆయన జీవితంలో రేసు మీద వేసిన నిందల్లో అదొక్కటే అబద్ధం.

కొన్ని వారాల తర్వాత ఆదివారం. నలుగురం మళ్లీ టీవీ ముందున్నాం. యాప్ తెరిచి రేసు పెడితే ముందు ప్రకటన వచ్చింది. సన్నగా వేణువు, ఒక ఆడగొంతు. చూపు లేకపోతేనేం, మేం తోడుంటే ప్రతి క్షణం కనిపిస్తుంది అంటోంది. తెర నిండా మామ కళ్లు. తర్వాత అద్దం మీద మామ చేయి. తర్వాత ఆయన గొంతు. "మంచిగున్నది. మస్తు మంచిగున్నది." దోస్తు రిమోట్ కోసం తడుముకున్నాడు గానీ, ఆ ప్రకటన దాటేయడానికి వీల్లేనిది. అయ్యేదాకా భరించాల్సిందే.

అయిపోయింది. ఇంజన్లు మొదలయ్యాయి. మామ తల వంచలేదు.

"వాళ్లకు ఎవలు చెప్పిన్రు?" అన్నాడు.

"ఏంది మామా?" అన్నాను.

"నేను గుడ్డోన్నని."

ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. కార్వాన్ అన్న కూడా తల దించుకున్నాడు. చివరికి దోస్తే నోరు విప్పాడు. "ఆ పిల్ల అడిగింది మామా. అవునన్న. గిట్ల జేస్తరని తెల్వదు."

"ఉన్నదే గద చెప్పినవ్, దానికేముంది" అన్నాడు మామ. కోపం లేదు. కోపమున్నా బాగుండేది. ఆ రోజు రేసంతా ఆయన ఎవరి టైర్లు పోయాయో, ఎవరు ముందే బ్రేకు వేశారో చెప్పలేదు. మేం ఇంజను మోత వింటూ కూర్చున్నాం. మాకందులో ఏమీ తెలియలేదు.

మామ ఇప్పటికీ ఆదివారం రేసు వేళకు కుర్చీ జరుపుకుని కూర్చుంటాడు. రేసులో దీపాలు ఆరిన కాసేపటికి నా వైపు తిరిగి, "ముందు ఎవలున్నరు, జర జూసి చెప్పు రా" అంటాడు. నేను చూసి చెప్తాను.